ఎర్ర అక్షరాల్లో బాపు

నా మనవడు శ్రీధర్ చేసే ఉద్యోగం ఏమిటో నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కింద మాత్రం లుంగీతోనే కుర్చీలో కూర్చునేవాడు. కరోనా వచ్చి హైదరాబాదులో ఆఫీసు మూసేసినప్పటి నుంచి కోరుట్లలో మా ఇంటి ముందుగదే వాడి ఆఫీసు. ఎవరో మాట్లాడితే తల ఊపుతాడు, తనలో తను నవ్వుతాడు, మళ్లీ ల్యాప్‌టాప్ మీద టకటకమని కొడతాడు. చూసినవాళ్లు పిల్లగాడికి గాలి సోకిందేమో అనుకోవాలి.

ఒకరోజు అడిగాను, ఆ నల్ల తెర మీద చీమల్లా పారుతున్నవి ఏమిటని.

"బాపమ్మా, మేం రాసిన ప్రోగ్రాం తన పని తను జేసుకుంటపోతది. పోతపోత 'గిప్పుడు గిది జేసిన, గిప్పుడు గాడికి పోయిన' అని ఒక్కొక్క వరుస గీ తెర మీద జెప్పుకుంటపోతది. దాన్నే లాగ్ అంటం. పని ఏడన్న ఆగిపోతె, ఎందుకాగిందో గీ వరుసలల్లనే దేవులాడుకోవాలె."

"నా లెక్కనే అన్నట్టు. చేతుల పని, నోట్ల ముచ్చట."

మా కోడలు ఇంద్రమ్మ గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే అంది. "అయితె అత్తమ్మకే ఇయ్యున్రి గా నౌకరి. జీతం లేకున్నా మాట్లాడుతది."

ముగ్గురం నవ్వుకున్నాం. అప్పటికి ఇంట్లో ఇంకా నవ్వు ఉండేది.

ఆ తర్వాత నా కొడుకు రాజనర్సు దుబాయి నుంచి వచ్చాడు. పని పోయినవాళ్లనందరినీ విమానాల్లో ఎక్కించి పంపేస్తున్న రోజులవి. మునుపు వచ్చినప్పుడల్లా వాడి వెంట తాళ్లతో బిగించిన పెట్టెలుండేవి, సెంటు వాసన గల్లీ చివరిదాకా వచ్చేది. ముందుగదిలో గోడంత టీవీ కూడా వాడు అట్లా తెచ్చిందే. అక్కడ కంపెనీలో సూపర్‌వైజరు కదా, మాకు తక్కువేమిటి అనుకునేవాళ్లం. ఈసారి భుజానికి ఒక్క సంచి. దాంట్లో రెండు జతల బట్టలు, మధ్యలో ఎక్కడో ఇచ్చిన బ్రెడ్డు ముక్క.

ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే తప్పయిందేమో. వాడు ఇంట్లో చుట్టంలా ఉండటం మొదలుపెట్టాడు. అన్నం పెరట్లో తినేవాడు. ముందుగదిలో కొడుకు మీటింగుల్లో ఉంటాడని చెప్పులు చేతిలో పట్టుకుని గోడవార నుంచి నడిచేవాడు. ఒకసారి దగ్గు వస్తే శ్రీధర్ వెనక్కి చూడకుండానే "ష్" అన్నాడు. వాడికి అది అలవాటు, నన్ను కూడా అంటాడు. రాజనర్సు మాత్రం ఆ రోజు నుంచి దగ్గు వస్తే తువ్వాల నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తేవాడు. కన్నకొడుకు తన ఇంట్లో తాను దగ్గడానికి భయపడుతుంటే చూసి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. సిరిసిల్లలో నా బిడ్డ ఇంటికి పోయి కొన్నాళ్లు ఉండి రమ్మంటే, "బావ మొకం ఎట్ల సూడాలె అవ్వా" అన్నాడు. బావ మరమగ్గాల మీద పనిచేస్తాడు. అతనేమీ దొర కాదు. అయినా పోలేదు.

ఈ మధ్యలోనే శ్రీధర్ ఆఫీసులో ఒక గొడవ. వాళ్ల కంపెనీ ఇళ్లకు సరుకులు పంపే యాప్ నడుపుతుంది. అది మాటిమాటికీ ఆగిపోతోందట. ఆగిన ప్రతిసారీ ఆ లాగ్ ముందేసుకుని అందరూ నువ్వుల్లో ఇసుక ఏరినట్టు వెతకడం. అక్షరాలన్నీ ఒకటే తెలుపు, ఒకటే సైజు. ఏది ఉత్త కబురో, ఏది అసలు జబ్బో తెలియదు. వాడి కళ్లు ఎర్రబడి ఉబ్బిపోయాయి. అప్పుడు వాడికి ఆ వరుసలను విడదీయాలన్న ఆలోచన వచ్చింది. ఒక్కో రకం వరుసకు ఒక్కో రంగు, ముందు ఒక చిన్న బొమ్మ, ఒక పనికి సంబంధించినవన్నీ ఒక గీత గళ్లలో కట్టగట్టినట్టు. చూడగానే కంటికి ఆనాలి, చూస్తూ ఉండబుద్ధి కావాలి.

"రంగులతోటి అయితలేదు బాపమ్మా. ఒక్కొక్కదానికి ఒక పేరుండాలె. 'సమాచారం, హెచ్చరిక' అని పెడితె ఎవనికి గుర్తుంటది?"

అప్పుడు నేను మాటల్లో తాటివనం సంగతి చెప్పాను. మా కల్లుగీసే ఇళ్లల్లో చెట్లకు ఇంటి మనుషుల పేర్లు పెట్టుకోవడం ఒక అలవాటు. అన్ని చెట్ల మధ్య ఏ చెట్టు గురించి మాట్లాడుతున్నామో తెలియాలి కదా. మా ఆయన గీసేవాటిలో నురగలు పొంగిపోయే చెట్టు పేరు 'పెద్దబిడ్డ'. ఎంత గీసినా కుండ అడుగు తడవని చెట్టు పేరు 'బామ్మర్ది'. మా తమ్ముడు వచ్చి సరిగ్గా ఆ చెట్టు కిందే కూర్చుని తాగుతూ "ఏం బావా, నన్ను ఇంకెన్నిసార్లు గీత్తవ్?" అనేవాడు. వనమంతా పగలబడి నవ్వేది. ఎవరికీ గుచ్చుకునేది కాదు. పిలిచేవాడూ పిలిపించుకునేవాడూ ఒకే ముంతలో తాగేవాళ్లు మరి.

శ్రీధర్ కుర్చీలోంచి లేచి నా బుగ్గలు పట్టుకున్నాడు. "దొరికింది బాపమ్మా!"

రెండు రోజులకు పిలిచి చూపించాడు. నల్ల తెర మీద నీలం అక్షరాలు, తెలుగులో. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు. 'బాపమ్మ: సర్వర్ దగ్గరికి పోయిన. తలుపు తీసిన్రు. సరుకులు అడిగిన.' మాటకు ముందు నోరు తెరిచిన చిన్న ముఖం బొమ్మ. ఊరికే కబుర్లు చెప్పే వరుసలన్నిటికీ నా పేరు! మధ్యమధ్యలో పసుపు అక్షరాలు. 'అమ్మ: పైలం, జవాబు ఆలస్యమైతుంది.' జాగ్రత్త చెప్పేది వాళ్లమ్మ. పని పూర్తయితే ఆకుపచ్చలో 'శ్రీధర్: పని అయిపోయింది.' వాడి పేరు వాడే పెట్టుకున్నాడు. వయసు అది, పోనీ అనుకున్నాను. ఆ రోజు ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు. అందుకని ఎర్రది కనబడలేదు. ఎర్రది ఒకటి ఉంటుందని కూడా నాకు తెలియదు.

వాడి పైఅధికారి రాధిక మేడం అది విని, టీం అందరికీ చూపించమందట. ల్యాప్‌టాప్ తెర ఒక మూల నల్లబడి ఉంది కాబట్టి శ్రీధర్ ఒక వైరు పెట్టి దాన్ని గోడ మీది టీవీకి కలిపాడు. తెర మీది బొమ్మా, అవతలివాళ్ల మాటా రెండూ టీవీలోనే. ఇంద్రమ్మ బీడీల చాట పక్కన పెట్టి, చీర మార్చుకుని వచ్చింది. కెమెరాకు మేము కనబడమని వాడు చెప్పినా సరే మార్చుకుంది.

నేను పెరట్లోకి పోయాను. రాజనర్సు బావి గట్టు మీద కూర్చుని ఉత్తనే నేలను చూస్తున్నాడు.

"లే కొడుకా. నీ కొడుకు పెద్దపెద్దోళ్లకు పని సూపెట్టవట్టె. నువ్వు తెచ్చిన టీవీల్నే. రా, జెర సూద్దువు."

"నేనెందుకే అవ్వా, ఆని మీటింగుల."

"దగ్గకు, తుమ్మకు, కూసో. ఇంటోనివి కావా నువ్వు?"

చేయి పట్టుకుని లేపాను. వాడు ముఖం కడుక్కున్నాడు. తల కూడా దువ్వుకున్నాడు. మేం పోయేసరికి మొదలైపోయింది. శ్రీధర్ మాకు వీపు పెట్టి కూర్చున్నాడు, తండ్రి వచ్చింది చూడలేదు. రాజనర్సు తలుపు పక్కన పీట మీద ఒదిగి కూర్చున్నాడు. ఇంద్రమ్మ చాయి గ్లాసు చేతికిచ్చింది.

టీవీలో నీలం వరుసలు పారుతున్నాయి. మేడం గొంతు వినిపించింది. "భలే ఉంది శ్రీధర్. ఎంత క్లియర్‌గా ఉందో! మామూలుగా నడుస్తున్నప్పుడు సరే, ఫెయిల్ అయితే ఎలా కనిపిస్తుంది? ఒకసారి కావాలనే ఆపి చూపించు."

శ్రీధర్ ఏదో నొక్కాడు.

టీవీ మీద ఎర్రగా మెరిసింది. మిగతావాటికన్నా పెద్ద అక్షరాలు, ముందు చిన్న విమానం బొమ్మ. 'బాపు: దొరకలేదు. మళ్ల పోతున్న.' దాని కింద ఇంకొకటి. 'బాపు: దొరకలేదు. మళ్ల పోతున్న.' దాని కింద గీత గడిలో, 'బాపు: వట్టి చేతులతోటి వాపసు అచ్చిన.'

అవతల అందరూ ఒక్కసారి నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, మెచ్చుకునే నవ్వే. మహేశ్ అని శ్రీధర్ వెంట పనిచేసే పిల్లవాడు అడిగాడు. "బాపు ఎవరు బ్రో? పాపం, ప్రతిసారీ ఆయనే ఫెయిల్ అవుతున్నాడు!"

"మా ఫాదర్ అన్నా. ఫోన్ చేసిండంటే ఎర్రదే. ఒక్కనాడు మంచి ముచ్చట చెప్పడు" అని శ్రీధర్ కూడా నవ్వాడు.

నేను రాజనర్సు వైపు చూడలేకపోయాను. ఇంద్రమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన బామ్మర్దిని అన్నప్పుడు బామ్మర్ది ఎదురుగా కూర్చుని తిరిగి అనగలిగాడు. ఇక్కడ నా కొడుకు వీపు వెనుక ఉన్నాడు, వాడికి మాట కాదు కదా, దగ్గే బంద్. వాడు చాయి గ్లాసును చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు. అలవాటుగా చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. గడప దాటాక కూడా వేసుకోలేదు. గల్లీ మలుపు దాకా చేతిలోనే పట్టుకుపోయాడు.

ఇంద్రమ్మే లేచి శ్రీధర్ భుజం మీద కొట్టింది. "బాపు ఇన్నడుర! గీడనే కూసున్నడు!"

వాడు తిరిగి చూశాడు. పీట ఖాళీ, గ్లాసులో చాయి నిండుగా. మాట్లాడటానికి పెట్టుకున్న మైకు లాగేసి, మాట మధ్యలో మేడంను వదిలేసి లేచాడు.

నేను అప్పటికే బస్టాండు దారి పట్టాను. నా కాళ్లకు ఒకటి నా చెప్పు, ఒకటి కోడలిది. రాజనర్సు జగిత్యాల బస్సు ఎక్కుతూ కనబడ్డాడు. నేను వెనకాలే ఎక్కాను. బస్సు కదులుతుండగా లుంగీ ఎగగట్టుకుని, పైన ఇస్త్రీ చొక్కాతో శ్రీధర్ పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. కండక్టరు ఆ వేషం చూసి, "ఏమ్రా తమ్మీ, సగం పెండ్లికి పోతున్నవా?" అన్నాడు. ఎవరమూ నవ్వలేదు.

రాజనర్సు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. శ్రీధర్ మా మీదికి వంగి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏడికిర?" అన్నాను.

"వెంకటేశం కాడికి. పాస్‌పోర్టు ఇచ్చి అచ్చిన మొన్ననే. వీజా ఉన్నదన్నడు."

మాకెవరికీ చెప్పనేలేదు. వెంకటేశం అంటే జగిత్యాలలో మనుషుల్ని గల్ఫుకు పంపే ఏజెంటు. రాజనర్సుకు మోకాలు సరిగ్గా వంగదు. మళ్లీ పోతే మనిషి దక్కుతాడా?

శ్రీధర్ గొంతు తగ్గించి అన్నాడు. "బాపూ, గది నువ్వనుకున్నట్టు కాదు. మేం దేవులాడేది ఆ ఎర్రదాన్నే. అన్నిట్ల ముఖ్యమైనది గదే. అందుకనే నీ పేరు..."

"అద్దు." రాజనర్సు కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు. "నచ్చజెప్పకు. నువ్వు రాసింది అబద్ధం గాదు. నాకు కోపం గూడ రాలే. వాళ్లు నవ్వంగ నువ్వు గూడ నవ్వినవ్ సూడు. గప్పుడు నాకు ఆ టీవీ మీద మన్ను బోయాలనిపించింది. నేను మోసుకచ్చిన టీవీ."

ముందు సీటులో ఒకావిడ మెడ తిప్పి చూసింది. శ్రీధర్ కమ్మీ మీద తల ఆనించాడు. వాడి ఫోను మోగుతూనే ఉంది, మేడందే. తీయలేదు. జగిత్యాల వచ్చేదాకా ముగ్గురం ముగ్గురు దొంగల్లా కూర్చున్నాం.

వెంకటేశం ఆఫీసు బస్టాండు వెనుక, మెట్లెక్కి పోవాలి. ఖాళీ లేదు. అన్ని కుర్చీల్లోనూ రాజనర్సు లాంటి మనుషులే, అందరూ నేలను చూస్తూ.

"రా రాజన్నా, నీదే సూత్తున్న" అన్నాడు వెంకటేశం. మంచిగానే మాట్లాడే మనిషి. "నీ కొడుకా? ఇంజినీరట గద. అవ్వ గూడ అచ్చింది, సాగనంపనీకా?"

"ఏం వీజా సార్?" శ్రీధర్ అడిగాడు.

"మీ బాపు చెప్పలేదా? కొత్త కంపెనీ. పని పాతదే, మీ బాపుకు కష్టం కాదు."

"సూపర్‌వైజరా?"

వెంకటేశం ఒక చిన్న నవ్వు నవ్వి రాజనర్సు వైపు చూశాడు. అక్కడ కూర్చున్న మనుషులు కూడా తల ఎత్తారు. వాళ్లందరికీ తెలుసు ఆ నవ్వు సంగతి. ఒక్కొక్కరూ ఇంటికాడ ఒక్కో మాట చెప్పుకున్నవాళ్లే కదా.

రాజనర్సు కొడుకు ముఖంలోకి చూశాడు. వచ్చినప్పటి నుంచి వాడి ముఖంలోకి సూటిగా చూడటం అదే మొదలు.

"సూపర్‌వైజర్ను గాను కొడుకా. ఎన్నడు గాలే. క్యాంపుల బాత్రూములు కడిగిన. మొదటికెల్లి గదే పని. ఫోన్ల మంచి ముచ్చట చెప్తలేనంటివి. చెప్పిన. 'మంచిగున్న, మంచిగున్న' అన్న. గది గూడ అబద్ధమే. మిగిలినయి చెప్పినయన్ని నిజమే."

నాకు నోరు రాలేదు. నాకు! ఏ చావింట్లోనైనా ఏదో ఒక మాట చెప్పి లేవగలిగిన మనిషిని. తాటిచెట్టు చివరికి ఎక్కి లోకాన్ని పైనుంచి చూసిన ఇంటి పిల్లవాడు. మా పెరట్లో పాకీ దొడ్డి కడగడానికి కూడా మా అత్త వాణ్ణి రానిచ్చేది కాదు. సిగ్గు వాడిదా, వాడు చెప్పింది నమ్మి గల్లీ అంతా సూపర్‌వైజరు అని తిరిగి చెప్పిన నాదా, ఇప్పటికీ తేల్చుకోలేను.

"బాపూ, ఇంటికి పోదాం" అన్నాడు శ్రీధర్.

"ఇంటికచ్చి ఏం జెయ్యాలె?"

ఫ్యాను తిరుగుతోంది. వెంకటేశం మర్యాదగా కిందికి చూశాడు.

తండ్రి పక్కన కుర్చీ ఖాళీ లేకపోతే శ్రీధర్ ఆ లుంగీతోనే నేల మీద, తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. లేవలేదు. ఇస్త్రీ చొక్కా పిల్లవాణ్ణి, పక్కన జత కలవని చెప్పుల ముసలిదాన్ని వచ్చినవాళ్లంతా దాటుకుని పోతున్నారు. అలా ఎంతసేపు కూర్చున్నామో, చివరికి రాజనర్సే లేచాడు.

"వెంకటేశం, పాస్‌పోర్టు ఇటియ్యి."

"రాజన్నా, మల్ల దొరకదు. ఎనుక మస్తు మందున్నరు."

"ఎర్కనే. ఇయ్యి."

తీసుకుని, తన జేబులో పెట్టుకోబోయి ఆగాడు. కొడుకు చేతికిచ్చాడు. "నీకాడ ఉంచు. నాకాడ ఉంటె మల్ల గిటే అత్త."

తిరుగు బస్సులో ముగ్గురికీ చోటు దొరికింది. శ్రీధర్ ఫోను మళ్లీ మోగింది. ఈసారి తీశాడు. పక్కనే కదా, మేడం మాట నాకు కూడా వినబడింది. అందరికీ నచ్చిందట, రేపటి నుంచి టీం అంతా అదే వాడాలట.

"పేర్లు మారుస్తా మేడం. రంగులు ఉండనిస్తా."

"అయ్యో, ఎందుకు? పేర్లే కదా అందం! బాపు అయితే సూపర్."

శ్రీధర్ తండ్రి వైపు చూశాడు, తర్వాత బస్సు పైకప్పు వైపు. "అది మా బాపు మేడం. దుబాయిల పని పోయి అచ్చిండు. మీరందరు నవ్వినప్పుడు నా వెనుకనే కూసున్నడు. నేను గూడ నవ్విన."

"సారీ" అంది మేడం, చాలా చిన్నగా. వాడు ఫోను పెట్టేసి రెండు అరచేతులతో ముఖం మూసుకున్నాడు. రాజనర్సు చేయి లేచింది, వాడి వీపు దాకా వచ్చింది, తాకకుండానే మళ్లీ ఒళ్లో పడింది.

దారిలో ఒక ఊళ్లో బస్సు ఆగితే మా గల్లీ చంద్రయ్య ఎక్కాడు. చేతిలో విత్తనాల సంచి. మమ్మల్ని చూసి ఎదురు సీట్లో కూర్చున్నాడు.

"ఓ రాజన్నా! ఎప్పుడచ్చినవ్? మల్ల ఎప్పుడు పోవుడు?"

మా వైపు ఊళ్లలో గల్ఫు నుంచి వచ్చినవాణ్ణి ఎవరైనా అడిగేది ఇదే. ఎట్లున్నవని అడగరు, తిన్నవా అని అడగరు. వచ్చుడు, పోవుడు, అంతే. రాజనర్సు గల్లీలోకి రాకుండా దాక్కున్నది ఈ ఒక్క ప్రశ్నకే అని నాకు అప్పుడు అర్థమైంది. నేను ఏదో చెప్పి మాట మళ్లించాలని నోరు తెరిచాను. శ్రీధర్ కూడా ముఖం మీద నుంచి చేతులు తీశాడు. మాకంటే ముందే రాజనర్సు చెప్పాడు.

"అచ్చి శాన దినాలాయె చంద్రన్నా. ఇంట్లనే ఉన్న. ఇగ పోత లేను."

"పోక ఏం జేత్తవ్?"

"ఎర్కలేదు."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. చూపు మాత్రం తిప్పుకోలేదు. చంద్రయ్య ఏమంటాడోనని నేను కొంగు పిండుకుంటున్నాను. అతను సంచి ఒళ్లో సర్దుకున్నాడు, అటూ ఇటూ చూశాడు, తర్వాత ముందుకు వంగాడు.

"మా పెద్దోడు గూడ అచ్చిండు రాజన్నా. మీదింట్ల పండుకుంటున్నడు, కిందికి దిగడు. ఎవలకు చెప్పలే మేము." గొంతు ఇంకా తగ్గించాడు. "నువ్వొకసారి అచ్చి మాట్లాడుతవా ఆనితోటి?"

రాజనర్సు గొంతు సవరించుకోబోతే దగ్గు వచ్చింది. తువ్వాల కోసం వెతకలేదు. బస్సంతా తిరిగి చూసేలా, కడుపు నిండా దగ్గాడు.

"అచ్చి మాట్లాడుత" అన్నాడు. "దిగినంక పోదాం తియ్యి."